నడవడి గడిలో

అజ్మీర్ స్టేషన్ రోడ్డు మీద
దువ్వెనలూ తాళాలూ పిన్నీసులూ అమ్మే హోత్‌చంద్
రెండు వందల తొంభై రెండో సెక్షన్ కింద దోషి అని తేలాక,
శిక్ష చదివే ముందు
అతని ఇల్లు చూసి రమ్మని నన్ను పంపారు.

నిట్టనిలువు మెట్లు. తాడు పట్టుకుని ఎక్కాను.
అతని భార్య జేఠీ అప్పడాలు ఒత్తుతోంది.
నా చెప్పుల వైపే చూస్తూ అడిగింది:
"ఏం అమ్మాడంట?"
పేకముక్కలు, అన్నాను.
"జూదమా?"
కాదమ్మా.
ఇంకేం అడగలేదు.
కర్ర కింద ఒక అప్పడం అంచు పల్చబడి చిరిగింది.

నా ఫారంలో పదకొండు గళ్లు.
వయసు యాభై నాలుగు. పాత నేరాలు లేవు.
అప్పుంది, మిల్లు గేటు దగ్గర వడ్డీవాడికి.
నడవడి అనే గడి మాత్రం అంగుళం వెడల్పు.
కింది వాటాలో దర్జీ చెప్పాడు:
"తాళం అమ్మితే రెండో చెవి దాచుకోని మనిషి."
అదే రాశాను.

కోర్టులో కట్ట విప్పారు. లక్క పెళుసుగా రాలింది.
గుమాస్తా ముక్కల్ని బోర్లా పెట్టి
బంతిలో విస్తళ్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాడు.
యాభై ఒకటి.
మళ్లీ. యాభై ఒకటి.
మాల్‌ఖానా హెడ్ కానిస్టేబుల్ ఫ్యాను వైపు చూశాడు.
ఏ ముక్క పోయిందో ఎవరూ అడగలేదు,
తెలియాలంటే తిప్పి చూడాలి కదా.

వకీలు ప్రొబేషన్ చట్టం నాలుగో సెక్షన్ చదివాడు,
పూచీకత్తు మీద వదలమన్నాడు.
మెజిస్ట్రేట్ గారు చెడ్డవారేం కాదు.
కళ్లజోడు తుడుచుకుని, "బడి గేటుకి నూరడుగులు" అన్నారు.
నా నివేదికను "చూశాం" అన్నారు.
పసి మనసుల్లో పురుగు వేసేవాడికి
కనికరం కుదరదన్నారు.
ఆరు నెలలు. ఐదొందల జుల్మానా. కట్టకపోతే ఇంకో నెల.

నేనేమంటాను?
నా కొడుక్కీ పద్నాలుగేళ్లు. ఆ గేటులోంచే వస్తాడు.
ఇంకో సంగతి, ఆ రాత్రి నిద్ర పట్టక తట్టింది:
ఆ ముక్కల మీద ఉన్నవాళ్లకీ ఎక్కడో మెట్లుంటాయి,
ఎక్కి చూసి రమ్మని
నన్నెవరూ పంపలేదు.

బోను దిగుతూ హోత్‌చంద్ నా చేతిలో
దుకాణం తాళంచెవి పెట్టాడు.
"జైలు గేటు దగ్గర తీసేసుకుంటారు సాబ్. ఇంట్లో ఇవ్వండి.
ఒక్కటే ఉంది."

రేపు ఆ తాడు పట్టుకుని మళ్లీ ఎక్కాలి.
ఈసారి ఆమె
జూదమా అని అడగదు.