ఇసకతో కలిపి చల్లాలి

ఆవాలలో పదో వంతు ఉండవు.
అరచేతి గీతల్లో ఇరుక్కుంటే ఊదినా రావు.
పొట్లం మీద ఎర్రపువ్వు బొమ్మ చూడగానే
నాకు నోరు ఎండిపోయింది.
"మామా, ఇవి గసాలు కదా?"

(ఇక్కడ ఇంటావిడను మామా అనాలి.
మొదటి ఏడాది పిలిచినప్పుడల్లా
నవ్వు ఆపుకోలేక చచ్చేవాణ్ని.)

మా రూములో మాబుసాబ్ ఉన్నాడు.
కూరపొడిలో గుప్పెడు గసాలు వేసి దంచి
వాళ్ళమ్మ డబ్బాకు గుడ్డ కట్టి పంపింది.
విమానం దిగినోడు రూముకు రావడానికి
పదకొండు రోజులు పట్టింది.
ఎక్కడ కూర్చోబెట్టారో, ఏం అడిగారో చెప్పడు.
శుక్రవారం మేం మాంసం వండితే
తను పెరుగన్నం కలుపుకుంటాడు.

ఉమ్ బర్రాక్ ఇస్తికానాలో చక్కెర తిప్పుతా
"అది వేరే జాతి, ఇది దీదహాన్" అంది.
చిన్నప్పుడు వాన పడిన ఏడు
జహ్రా దాటి గుడారాలు వేసేవాళ్ళంట,
బండి నడిస్తే టైర్లు ఎర్రబడేవంట.
తర్వాత యుద్ధం, మందుపాతర్లు, కంచెలు, గొర్రెలు.
పూలు రావడం మానేశాయా, మీరు పోవడం మానేశారా
అంటే టీ తాగింది, అంతే.

వారం రోజులు ఫ్రిజ్‌లో, లబన్ డబ్బాల వెనక పెట్టాం.
ఏసీ ఆపేసిన రోజు తీసి
"ఇసకతో కలిపి చల్లాలి" అంది.
కడిగిన ఇసక సంచి, ముక్కాలు దినారు.
ఎడారిలో ఇసక కొన్నానని ఫోన్లో చెప్తే
సుగుణ పక్కింటోళ్ళను పిలిచి మళ్ళీ చెప్పించింది.

గొర్రు పట్టి రెండంగుళాల లోతున
వేరుశనగ విత్తినోణ్ని నేను.
మట్టి కప్పొద్దు, వెలుగు తగలాలి అంటే
చెయ్యి వినలేదు.
ఆమె చూడకుండా ఒక మూల కప్పాను.
ఆ మూల ఏమీ మొలవలేదు.

మిగతా చోట పచ్చటి నూగు.
"జానకు ఒకటి ఉంచి పీకెయ్" అంది ప్లాస్టిక్ కుర్చీలోంచి.
వరిలో కలుపు పీకాను, శనగలో పీకాను,
బాగా మొలిచినదాన్ని బాగా మొలిచిందని పీకడం
ఎప్పుడూ లేదు.
రాత్రి పెరుగు డబ్బాలకు తూట్లు పొడిచి
నలభై మొక్కలు మా మిద్దె మీద నాటాను.
మాబుసాబ్ టార్చి పట్టుకున్నాడు. ఏం మొక్కలని అడగలేదు,
నేనూ చెప్పలేదు.
మూడో పొద్దుకు అన్నీ పడుకున్నాయి.
వేరు కదిలితే బతకని జాతంట.
ఈ మాట ముందే చెప్పుండొచ్చు ముసలామె.

ఫిబ్రవరిలో మొగ్గలు. ఒళ్ళంతా నూగు,
మెడ వంచి, తన్నులు తిన్న పిల్లోడి మాదిరి.
ఇవి పనికిరావనుకున్నా.
ఒక పొద్దున పైపు పట్టుకుని పోతే
ఒకటి తలెత్తి ఉంది.
ట్రంకుపెట్టె అడుగున నలిగిన పట్టుగుడ్డ
ఇంకా ముడతలు విప్పుకుంటా ఉంది.
ఆమెను చెయ్యి పట్టి తీసుకొచ్చా.
మోకాళ్ళు పట్టేసిన మనిషి
వంగి, ముక్కు దగ్గర పెట్టి
"వాసన లేదు. అప్పుడూ ఉండేది కాదు" అంది
బాగా సంతోషంగా.

జొహర్ బాంగుకు రెక్కలు రాలాయి.
మర్నాడు ఏడు. ఆ మర్నాడు లెక్కపెట్టలేదు.

మార్చి ఆఖర్లో దుమ్ము లేచింది.
మూడు రోజులు లైట్లేసుకుని మధ్యాహ్నం అన్నాలు తిన్నాం.
తలుపు తీసేసరికి కాడలు, కాయలు.
కాయ మీద మూత, మూత కింద కిటికీలు,
ఊపితే లోపల సన్నగా చప్పుడు.

నా సెలవు టికెట్ వచ్చింది.
కాగితంలో చిటికెడు చుట్టి
"మీ ఇంటామెకు" అని చాపింది.
"వద్దు మామా."
"పువ్వే కదా!"
పువ్వేనని మీకు తెలుసు, నాకు తెలుసు.
కౌంటర్లో కూర్చున్న కుర్రోడికి
మూడు ఏర్పోర్టు మాటల అరబ్బీలో
నేనెట్ల చెప్పేది?

ఆ రాత్రి అగ్గిపుల్లతో గోళ్ళ సందులు గీక్కున్నా.
చెప్పులు కడిగా. ప్యాంటు మడతలు విప్పా.
మాబుసాబ్ వచ్చి, అడక్కుండానే,
నా చొక్కా జేబులు రెండూ బయటికి లాగి
గోడ అవతల దులిపాడు.

ఎన్ని రాలాయో చీకట్లో తెలీలేదు.
అక్కడ ఇసక ఎలాగూ ఉంది.