మంగళవారం, గురువారం

ఆరో తరగతి మధ్యలో బడి మాన్పించినాము.
ఎందుకని అడిగినోళ్లకు
ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పినా.
నిజం ఇది:
పొద్దున ఏడుకు బస్సు హారన్ వినబడితే చాలు
చేతనకు వాంతి వచ్చేది.
ఆదివారం కూడా, వీధిలో ఏ బస్సు హారన్ కొట్టినా.

రెండేండ్లయింది.
వాళ్ల నాయన డ్యూటీ చార్టే మాకు కాలము దూరము లెక్క.
గూడ్సు రాయచూరులో ఎన్నింటికి కదిలితే
గుంతకల్లులో నేను ఎన్నింటికి ఎసరు పెట్టాల?
ఆ లెక్క ఆమెకు నాకంటే బాగా వస్తుంది.
బాగానే నడుస్తాంది అనుకున్యా.

పోయిన నెల ఒక మధ్యాహ్నం
బల్లికి పాఠం చెప్తాంది.
గోడ మీది బల్లికి, పత్రహరితం గురించి,
ఓపిగ్గా, టీచరమ్మ మాదిరి.
"అర్థమైందా?" అని అడిగి
కాసేపు ఆగింది.
బల్లి ఆగలేదు.

ఆ సాయంత్రమే వెతకడం మొదలుపెట్టినా.
వారానికి రెండు పూటలు చాలు,
ఆరేడు మంది పిల్లలుంటే చాలు.
పాత కరెంటు బిల్లు వెనక రాసుకున్యా.

ఓబులేసు సారు, లెక్కలు.
ముప్పై మంది. వెనక వరసకు బోర్డు కనపడదు.
ఫీజు ముందు అడిగినాడు, పిల్ల పేరు తర్వాత.

రైల్వే కాలనీలో షహనాజ్ మేడం, సైన్సు.
అయిదుగురే. ఒక్కరూ నోరెత్తరు.
గోడ గడియారం చప్పుడుకు నాకే భయమేసింది.

మెడికల్ షాపు మేడమీద ఇంగ్లీషు మాట్లాడించే క్లాసు.
తెలుగు మాట దొర్లితే డబ్బాలో రెండు రూపాయలు వెయ్యాల.
డబ్బా నిండుగా ఉండాది.

కసాపురం రోడ్డులో హుసేన్ పీరా, రిటైరైన గార్డు.
ఏ పొద్దు ఏం చెప్తాడో ఆయనకే తెలీదు.
ఒకరోజు పటాలు, ఒకరోజు పాత రేడియో విప్పడం,
ఒకరోజు పిల్లలంతా చాప మీద కూర్చొని పంచాయితీ:
ఎవరిది తప్పు, ఎట్ల తప్పు.
ఆ పేరు మొదటే కొట్టేసినా.
సిలబస్ లేదు.
బడి వద్దని వచ్చినదాన్ని,
సిలబస్ యాడ అని అడుగుతాండ చూడు!

అయినా నాలుగు చోట్లా ఒక్కో పూట కూర్చోబెట్టినా.
మూడుసార్లు, స్కూటీ వెనక నుంచి
ఒక్క మాటా రాలేదు.

నాలుగోసారి గేటు పడింది.
బొగ్గు బండి. అలవాటుగా వ్యాగన్లు లెక్కబెడతాండ.
వీపుకు ఆనుకొని చెప్పింది:
"అమా, ఆడ ఒక పిల్లోడు
అడక్కుండా నా రబ్బరు తీసుకున్యాడు.
కొరికి ఇచ్చినాడు."
స్కూటీ తిప్పేద్దామా అనుకున్యా.
"కొట్లాడినా. ఆ పొద్దు పంచాయితీ మాదే.
తప్పు వానిదే అమా, అయినా నేనే ఓడిపోయినా.
అందరి ముందరా నాకు చెప్పడం రాలే."

లెక్క తప్పింది. ముప్పై ఒకటో, రెండో.

ఇంట్లో ఆమెతో వాదించేది నేనొక్కదాన్నే.
ప్రతిసారీ నేనే ఓడిపోతా, ముద్దుకు.
ఆ ముద్దే ఇంత పని చేసిందా?

"మళ్లా ఎప్పుడు?" అనింది.

బండి పోయినాక కూడా గేటు చానాసేపు లేవలేదు.
వెనక ఆటోవాడు ఊరికే హారన్ కొడతాండాడు,
పాంయ్ పాంయ్ అని.
అద్దంలో ఆమె మొఖం చూసినా.
ఏమీ కాలేదు.
మాటలు వెతుక్కుంటా పెదాలు కదుపుతాంది, అంతే.

మంగళవారం, గురువారం. నాలుగు నుంచి ఆరు.
పోయే దారిలో రెండు రబ్బర్లు కొనింది.
ఒకదాని మీద పేరు రాసుకుంది.
రెండోదాని మీద రాయలే.

దించి ఇంటికొస్తే
చెనిక్కాయలు వేయించిన వాసన, ఫ్యాను చప్పుడు.
బల్లి వచ్చి అదే చోట ఆగింది,
మిగతా పాఠం యాడ అన్నట్టు.

రేపు రా, అన్నా.