ఇతరములు

ఫోల్స్‌హిల్ రోడ్డులో తివాచీల కొట్టు పైన మా ఆఫీసు.
మెట్లెక్కుతుంటే కొత్త ఉన్ని వాసన.
కావెంట్రీ వాన కిటికీ అవతల
గొణుగుతూనే ఉంటుంది, అప్పులాడిలా.
నా బల్ల మీద ఒక ఎడారి:
పదహారు నిలువు గడులు,
మూడువందల పన్నెండు అడ్డు వరసలు.

ఆ ఇసకలో నేను ఒక్క అడుగూ వేయలేదు.
అక్కడ ఎవరెప్పుడు నిద్రపోవాలో మాత్రం
నేనే చెబుతాను.
ఆరు వారాలకో వారం విశ్రాంతి.
తీసుకోకపోతే పేరు ఎర్రబడుతుంది.

మోర్వెన్నా అనే నర్సు సెలవు చీటీలో
కారణం అన్నచోట "చేతులు" అని రాసింది.
చేతులకేమైందని అడిగాను.
జవాబు రాలేదు, మంజూరు చేసేశాను.

నవంబరులో ఉద్యోగం వదిలేసి వచ్చి
తడి కోటుతోనే కూర్చుంది.
వీడ్కోలు ప్రశ్నలు పద్నాలుగు.
మూడోదాని దగ్గర
బిస్కెట్ల పళ్లెం కాస్త అటు జరపమంది.
"పిల్లకి రెండేసి ఇచ్చేవాళ్లం" అంది.
మూడోది అడిగిన వాడి పేరు చెప్పబోయి
టీ తాగింది.
"వ్యాఖ్య లేదు" అన్న గడిలో టిక్కు పెట్టాను.
ఆ గడిలో అంతకన్నా పట్టదు.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర అడిగింది:
"కల్తూమా ఏ వరసలో ఉంది?"

వెతికాను. లేదు.
శిబిరంలో పుట్టే పిల్లల్ని
పదకొండేళ్లుగా చేతుల్లోకి అందుకుంటున్న మనిషి లేదు.
కాందిశీకురాలు కనక ఉద్యోగి కాదు.
ఉద్యోగి కాదు కనక జీతం కాదు,
ప్రోత్సాహకం.
డీజిలుకీ ఫొటోకాపీలకీ మధ్య
"ఇతరములు" అన్న మొత్తంలో
ఎక్కడో కరిగి ఉంది.

రాజాంలో మా పిన్ని అంగన్‌వాడీ నడిపేది.
గుడ్లు లెక్కపెట్టి, పిల్లల్ని తక్కెడలో కూచోబెట్టి
ఇరవై రెండేళ్లు.
వచ్చేది గౌరవ వేతనం.
"తక్కువిచ్చినప్పుడే గౌరవం గుర్తొస్తాది ఈళ్లకి" అనేది
పాల ప్యాకెట్టు పంటితో చింపుతూ.
అప్పుడు నవ్వాను.
ఇప్పుడు ఆ గౌరవం లెక్కలు
నేనే కడుతున్నాను, పౌండ్లలో.

జీవితంలోంచి ఒక్క అక్షరం జారితే జీతం.
జారిన ఆ అక్షరాన్ని
ఎవరు ఏరుకుంటారో
మా నియమావళిలో లేదు.

ఫిబ్రవరిలో ఓ రాత్రి ఫోను.
తుపాకులు దగ్గరికొచ్చాయి, విమానంలో పంతొమ్మిది సీట్లు,
పొద్దుటికి జాబితా కావాలన్నాడు గరెత్.
వంటింట్లో నిలబడి తయారుచేశాను,
కుక్కరు మూత వేయడం మర్చిపోయి.
విదేశీ సిబ్బంది ముందు. ఆ తర్వాత
ఆరోగ్యం బాగోలేని ఇద్దరు స్థానికులు.
పంతొమ్మిదీ సరిపోయాయి.
సరిపోయాయి అని రాశాను కూడా.
వరసే లేని మనిషిని
ఏ వరస నుంచి కొట్టేస్తాం?
ఎవరినీ వదిలేసినట్టు కాలేదు, కాగితం మీద.
అన్నం మాడిన సంగతి
మా ఆయన చెబితే తెలిసింది.

తొమ్మిదో రోజున
ఎవరిదో ఫోను నుంచి ఒక ఫొటో:
ప్రసవాల పుస్తకం, నీలం సిరా,
ఆ తొమ్మిది రోజుల్లో పద్నాలుగు పేర్లు.
కింద, ఎవరిచేతో రాయించిన ఇంగ్లీషులో:
మీరెవరో నాకు తెలియదు.
చేతి తొడుగులు అయిపోయాయి.

మూడువందల పదమూడో వరస తెరిచాను.
పేరు కొట్టాను.
గ్రేడు అడిగింది, ఖాళీగా వదిలాను.
ఒప్పందం నెంబరు అడిగింది.
వరసంతా ఎర్రబడింది.
అలాగే ఉంచాను, గరెత్ చూడాలనే.
చూశాడు. ఏమీ అనలేదు, చెరపనూ లేదు.

తొడుగుల ఆర్డరు దగ్గర ఆగిపోయాను.
ఆవిడ సైజు రాయలేదు.
మోర్వెన్నాకి ఫోను చేస్తే
చాలాసేపు మోగాక తీసింది,
వెనక ఏదో బస్సు చప్పుడు.
"నీ చెయ్యి పైకెత్తు" అంది,
నేను కనబడనని మర్చిపోయినట్టుంది.
ఎత్తాను.
"నీకన్నా కాస్త చిన్నవి" అంది.