గురువారం దాకా

నల్లకుంట జ్వరాల దవాఖానలో, ల్యాబులో
నాది పేర్లు కనుక్కునే పని.

సోమవారం ఒక సీసా వచ్చింది.
లేబుల్ మీద చెమటకు అలుక్కుపోయిన అక్షరాలు:
సబీహా, తొమ్మిదేళ్లు, తలాబ్‌కట్ట.
లోపల ఐదు మిల్లీలీటర్ల జ్వరం.
ముప్పై ఏడు డిగ్రీల్లో పెట్టి తలుపేశాను.
కోడిపెట్టా ఇంతే వెచ్చగా పొదుగుతుంది,
ఏం పుడుతుందో అడగదు.

కిటికీ అవతల ఖాకీ చొక్కా, తండ్రి ఖైసర్.
"కౌన్సా బుఖార్, మేడం?"
"ఇంకా చెప్పలేదు" అన్నాను,
అదేదో నోరున్న మనిషైనట్టు.

మంగళవారానికి సీసా మబ్బుపట్టింది.
గాజుపలక మీద ఒక చుక్క ఆరబెట్టి
మంట మీదుగా మూడుసార్లు తిప్పి
ఊదారంగు పోశాను. అయోడిన్ పోశాను.
స్పిరిట్‌తో కడిగాను.
కొన్నింటికి ఆ ఊదా ఎముకల దాకా ఇంకుతుంది.
ఇది కడగ్గానే వదిలేసింది.
చివర్లో పోసిన గులాబీకి మాత్రం ఒప్పుకుంది.
లెన్సు కింద
తుంచిపోసిన సేమ్యాల్లా పొట్టి పొట్టి కడ్డీలు.

బుధవారం ప్లేటు మీద
రంగులేని చుక్కలై కూర్చుంది.
పాలచక్కెర ముట్టలేదన్నమాట.

ఆ రాత్రంతా గొట్టాల్లో దాన్ని ప్రశ్నలడిగాం.
యూరియా విరుస్తావా? పసుపు పసుపుగానే ఉంది.
ఇండోల్ చేస్తావా? ఎర్ర ఉంగరం కట్టలేదు.
కదులుతావా?
దీనికి మాత్రం ఔనంది,
సూది గుచ్చిన జాడ చుట్టూ పొగలా పరుచుకుని.
ఇంకో గొట్టంలో పైన ఎరుపు, అడుగున పసుపు,
నడుమ సన్నగా నల్లగీత,
పదహారేళ్ల కుర్రాడి నూనూగు మీసం.
ఆ మీసమే పట్టిచ్చింది.
సీరం చుక్క వేసి పలకను ఊపితే
విరిగిన పాలలా గుంపుకట్టింది.

టైఫాయిడ్.

రిజిస్టరులో పేరు రాస్తూ పేజీ వెనక్కి తిప్పాను.
అదే నెల, అదే గల్లీ, ముగ్గురు.
రిపోర్టులో క్రిమికి గడి ఉంది,
మందుకు గడి ఉంది,
పైపుకు లేదు.
అంచున పెన్సిల్‌తో రాశాను: నల్లా నీళ్లు చూడాలి.
పెద్ద డాక్టరు దాన్ని చెరపలేదు.
దాని పక్కన సంతకమూ పెట్టలేదు.

ఖైసర్ ఆ పేరు కాగితం మీద రాసిమ్మన్నాడు, ఉర్దూలో.
నాకు రాదు. తెలుగులోనే రాసిస్తే
మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"పిల్లకు ఎట్లొచ్చింది మేడం?"

నాలుగు రోజులుగా అతని చంకలో ఉన్నది
అప్పుడు కనబడింది నాకు.
ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లసీసా,
సగం తాగినది.

"అది ఇటివ్వండి" అని
కిటికీలోంచి చేయి చాపాను.