ళ

ఆర్కే బీచ్‌లో ముంత మసాలా బండి పక్కన
తైసియా నోటుబుక్కు తెరిచింది.
స్కాలర్‌షిప్పు మీద పది నెలలు ఇక్కడే, తెలుగు కోసం.

"కల్లు" అంది.
"కళ్ళు" అన్నాను.
"కల్లు!" రెండు వేళ్ళతో తన కళ్ళే చూపిస్తూ.
బండి అప్పన్న నవ్వాపుకోలేక
ఉల్లిపాయలు ఇంకో గుప్పెడేశాడు.
"తాటిచెట్టెక్కీసినావేటి పాపా!"

నేను నవ్వలేదు.
ఎనభై మూడులో, మన స్టీల్‌ప్లాంటు ఇంకా పునాదుల్లో ఉండగా,
పదకొండు మందిమి వాళ్ళ దేశం వెళ్ళాం
కొలిమి పని నేర్చుకోడానికి. ముందు భాష.
గలీనా పెత్రోవ్నా
నా పళ్ళ మధ్య పెన్సిలు అడ్డంపెట్టి
ఒక్క అచ్చు పలకమనేది.
ఇ కాదు, ఉ కాదు,
గొంతులో దిగిన కవళ్ళ ముల్లు.
మంచు కరిగింది గాని అది కదల్లేదు.
కొట్లో సబ్బు అడిగితే
"ముద్దుగా" అన్నట్టు వినపడేదట.
కొట్టు ముసలమ్మ
ఒకటి అడిగితే రెండు కట్టి ఇచ్చేది.

రెండు దేశాల పెద్దలు ఏ కాగితం మీద సంతకాలు చేశారో
నేను చూళ్ళేదు.
ఆ రెండో సబ్బు చూశాను.

తైసియా నోటుబుక్కు మూసి
"తాతగారూ, ఇప్పుడు మీరు. సబ్బు" అంది.
అల ఒకటి వచ్చి వెళ్ళేదాకా ఆగి
ఊపిరి కూడదీసుకుని అన్నాను.

నలభై ఏళ్ళయినా
ముద్దుగానే వచ్చింది.