తక్కువ ఓల్టేజి

కుట్టు లెక్క తప్పిందని
ఏ దేశం నుంచో తిరిగొచ్చిన లేసు పార్సెల్లో
సరుకు నలగకుండా అడుగున పెట్టిన పలక అది.
నల్లగా, గుండ్రంగా, మధ్యన చిల్లు.
అట్ట మీద పేరు లేదు.
ఇనప మెట్ల బొమ్మ, ఒక మెట్టు మీద ఒంటి చెప్పు.

నరసాపురం స్టీమరు రోడ్డులో
జకరయ్య రేడియో షాపుకి
కొంగు కింద దాచి పట్టుకెళ్ళాను.
ఎండాకాలం. రాత్రి ఏడు.
చుట్టుపక్కల రొయ్యల చెరువుల మోటార్లు
కరెంటంతా పీల్చేస్తున్నాయి.
బల్బులో తీగ చుట్లు లెక్కపెట్టుకోవచ్చు.

ముల్లు పెట్టాడు.
ఎవరో బల్లలు ఈడుస్తున్నారనుకున్నాం.
తర్వాత సన్నాయి లాంటిది, సన్నాయి కానిది,
తలుపు సందులో వేలు పడ్డట్టు అరిచింది.
దరువు మొదలైంది, హమ్మయ్య అని అడుగెయ్యబోతే
కింద మెట్టు లేదు.
"మిషను పాడైందా?" అన్నాను.
"కాదండి, ఆళ్ళే అలా వాయించారు."
పెళ్ళి మేళం ముగించుకుని టీకొచ్చిన డోలు సింహాద్రి
గుమ్మంలోనే ఆగిపోయాడు
గ్లాసు లేని చేతి వేళ్ళు మడుస్తూ.
తకిట తకిట తకిట తకధిమి
"పదమూడమ్మా! పదమూడు!
ఏ తల్లి కన్న బిడ్డలో!"

ఆ రాత్రే కేసెట్లోకి ఎక్కించాడు, మంచి పని చేశాడు.
మర్నాడు కంపెనీ మేనేజరు డిస్కు లాక్కుని
పన్నెండంకెలు అంటించి, రెండు ముళ్ళు బిగించి
ఆఫీసు గోడకి గడియారం చేశాడు.

ఇక కేసెట్టే.
దానికి కాపీ, కాపీకి కాపీ.
మొగల్తూరు హోమియో డాక్టరు గారికొకటి,
సఖినేటిపల్లి పంటు మీద టిక్కెట్లు చింపే అబ్బులుకొకటి.
ఆ బుసలో పాటని
పులుసులో ముల్లు తడుముకున్నట్టు తడుముకునేవాళ్ళం.
నేనైతే మూడు గొలుసులు, మూడు, మూడు, నాలుగు
అని కుట్టుకుంటూ పోయి
పదమూడు రేకుల పువ్వొకటి దించాను.
ఏజెంటు తిప్పి తిప్పి చూసి
"ఇది బల్ల మీద కుదురుగా కూచోదమ్మా" అన్నాడు.
జకరయ్య ఆంప్లిఫయరు మీద ఇప్పటికీ ఉంది
ఒక మూల లేచి.

పాడేది ఒక బొంగురు గొంతాయన.
ఏభై ఏళ్ళుంటాయని డాక్టరు గారు, అరవై అని నేను.
రెండో వైపు చివర ఒకే మాట పదకొండు సార్లంటాడు.
అబ్బులుకది "వరదొచ్చింది" అని వినపడేది.
తర్వాత మాకూ అలాగే.

ఇరవై మూడేళ్ళకి
డాక్టరు గారి మేనకోడలు నాగశిరీష
అసలు డిస్కు సంపాదించింది.
మూడొందలే అచ్చేశారట ప్రపంచం మొత్తానికి.
నెల జీతం పోసి కొని
గుడ్ల బుట్ట దింపినట్టు దింపింది షాపులో.
డాక్టరు గారు లేరు.
అబ్బులు ఎక్కడున్నాడో తెలీదు.
సింహాద్రికి కుడి చెవి పోయింది.

ముల్లు తగలగానే పరిగెత్తింది పాట.
మేం బల్లలనుకున్నది పియానో.
మా పెద్దాయన, పద్దెనిమిదేళ్ళ పిల్ల.
నవ్వుతూ పాడుతోంది.

నేను గోడ వైపు చూశాను.
సింహాద్రి ఎడమ చెవి ఒగ్గి, వేళ్ళు మడిచి,
"పదమూడే" అన్నాడు, ఊపిరి వదిలి.
"మరి ఇన్నాళ్ళూ మీరు విన్నది?" అంది శిరీష.
"ఓల్టేజి" అన్నాడు జకరయ్య
తప్పు తనదైనట్టు.

రెండో వైపు చివరికొస్తుండగా పోయింది కరెంటు.
ఆంప్లిఫయరు లారీ బ్యాటరీ మీదుంది, అది పోలేదు.
పళ్ళెం కూడా ఒక్కసారే ఆగదు కదా.
చీకట్లో పిల్ల గొంతు కిందికి దిగుతూ
మెట్టు మీద మెట్టు దిగుతూ
అదిగో, ఒక్క క్షణం, ఆయనే,
వరదొచ్చిం
"అదే!" అన్నాం ముగ్గురం.
అక్కడా ఆగలేదు. ఇంకా కిందికి
ఈనబోయే గేదె మూలుగులోకి వెళ్ళి నిలిచిపోయింది.

జకరయ్య అగ్గిపెట్టె వెతుకుతున్నాడు.
రేవులో పంటు ఆఖరి హారను కొట్టింది.
చాలాసేపటికి శిరీష గొంతు:
"కరెంటొచ్చాక
మళ్ళీ ఓసారి తీసేద్దామా?"