ముప్పై మూడు

లుంగీకి జేబు లేదు.
అందుకే ఎడం చెయ్యి వీపు వెనక పెట్టుకుంటాను,
నాలుగొందల యాభై వోల్టులు
గుండె మీదుగా దారి వెతుక్కోకుండా.

మొగల్తూరు నుంచి కెజియా తెచ్చిన ఆంప్లిఫయరు.
"వాయించకపోయినా కాలిపోతోందండీ."
మూత తీస్తే ఒక ట్యూబు రేకు మీద ఎరుపు,
కుంపట్లో మర్చిపోయిన బొగ్గులా.
మీటరు పెట్టాను. దానికి డెబ్బై,
పక్కదానికి ముప్పై నాలుగు.

గిటారు గోడకి ఆనించి ఉంది.
ఏమీ పలక్కుండా ఉండటానికి
ఎంత కరెంటు కావాలో, నేను కొలిచేది అదే.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
షట్టరు ఎప్పుడూ పూర్తిగా దించేవాడు కాదు.
"కాస్త పారనివ్వాలిరా,
ఎండితే గట్టు బీటలేస్తుంది."

జత కుదిరిన ట్యూబులు వేసి
స్క్రూ వెంట్రుకవాసి తిప్పాను.
నలభై రెండు. నలభై. ముప్పై ఎనిమిది.
చాలు.

అంకె ఆగలేదు.
ముప్పై అయిదు, ముప్పై మూడు...
నా చెయ్యి కదల్లేదు.
చీకటి పడింది, రొయ్యల చెరువుల్లో
ఏరేటర్లు వేశారు.

"మీ ఆరాధన ఎన్నింటికమ్మా?"
"ఈస్టరు కదండీ, నాలుగున్నరకే."
ఆ వేళకి సరిచేస్తే
పట్టపగలు మళ్ళీ ఎర్రబడుతుంది.
స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాను.

కెజియా లావు తీగ ఒక్కటి మీటింది.
అంకె ఎగిరింది, గాజు లోపల నీలం కదిలింది.
అరచేత్తో తీగ నొక్కింది.
అంకె మెల్లగా దిగి
ముప్పై మూడు దగ్గర కూర్చుంది.
దూరంగా చెరువుల్లో
నీళ్ళు చిలుకుతున్న చప్పుడు.